ఊరి కళాశాల - విశ్వవిద్యాలయం

ఇంటర్మీడియట్ పరీక్షల ఫలితాలు వెలువడిన నాటినుండి కళాశాలలు తెరిచే నాటివరకు మన ఇండ్లలో ఒక చర్చ జరుగుతూ ఉంటుంది. రాత్రి భోజనాలైన తరువాత మిద్దెమీద కూర్చుని తండ్రి ఖర్చు లెక్క వేస్తాడు. హాస్టలులో తిండి ఎట్లా ఉంటుందో అని తల్లి అడుగుతుంది. "అంత దూరం ఎందుకు, ఊళ్ళో కాలేజీ లేదా?" అని అవ్వ అంటుంది. ఎవరిని గురించి ఈ చర్చ జరుగుతున్నదో ఆ పిల్లవాడో, పిల్లో ఒక మూల కూర్చుని వింటూ ఉంటారు. వారిని ఎవరూ అడగరు. అడిగినా, జవాబు చెప్పడానికి కావలసిన సమాచారం వారివద్ద ఉండదు. ఈ పూట ఆ చర్చలోకి నేను కూడ ఒక పీట వేసుకుని వచ్చి కూర్చుంటాను. శ్రోతలు కాదనరని నా నమ్మకం.

గత వేసవిలో నేను నగరి వెళ్ళాను. కుశస్థలి నది దాపున, కొండల అంచున ఉన్న ఆ ఊళ్ళో చాల వీథులలో మరమగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. నాతోపాటు బడిలో చదువుకొన్న మిత్రుడొకడు అక్కడ ఉన్నాడు. పదవ తరగతితో చదువు చాలించి మగ్గం పట్టినవాడు. నేను వెళ్ళేసరికి వాళ్ళ ఇంట ఇదే చర్చ నడుస్తున్నది. పెద్ద బిడ్డ ఇంటర్మీడియట్ మంచి మార్కులతో ప్యాసయినది. రసాయన శాస్త్రం చదవాలని ఆమె కోరిక. నూలుకు వేసిన రంగులలో ఒకటి ఏళ్ళ తరబడి నిలవడం, మరొకటి నాలుగు ఉతుకులకే వెలిసిపోవడం చిన్నప్పటినుండి చూస్తున్న పిల్ల. అది ఎందుకట్లా జరుగుతుందో తెలుసుకోవాలని ఆమెకు పట్టుదల.

"ఏమప్పా, రేడియోలో ఊరందరికీ చెప్తావే, నా బిడ్డకు ఏం చెప్తావు?" అన్నాడు నా మిత్రుడు. "తిరపతిలో హాస్టల్లో పెట్టి చదివించాలంటే నా వల్ల అయ్యే పని కాదు. ఊళ్ళోనే గవర్నమెంటు డిగ్రీ కాలేజీ ఉంది. రెండుచోట్లా పట్టా ఒకటే గదా?"

ఆ అమ్మాయి పక్కనే కండెలు చుట్టుతున్నది. చేతిపని ఆపకుండానే ఒక మాట అన్నది. "పట్టా ఒకటే అయితే తమ్ముడికీ ఒకటే గదా, మామా? వాడు ఇంకా పదోక్లాసులోనే ఉన్నాడు. వాడిని మద్రాసులో చదివించాలని నాయన ఇప్పటినుంచే డబ్బు దాస్తున్నాడు."

ఇంట్లో కొంతసేపు ఎవరూ మాటాడలేదు. మగ్గాల చప్పుడు మాత్రం ఆగలేదు. ఈనాటి ప్రసంగం ఆ అమ్మాయి అడిగిన ప్రశ్ననుండి పుట్టినది. దానికి నేను చెప్పిన జవాబు చివర మనవి చేస్తాను. ముందు తండ్రి మాటను పరిశీలిద్దాం. రెండుచోట్లా పట్టా ఒకటేనా?

ఒకటే. ఇది చాలమందికి స్పష్టంగా తెలియని విషయం. మన దేశంలో ఆధునిక విశ్వవిద్యాలయాలు 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఏర్పడినవి. వాటికి ఆనాటి లండను విశ్వవిద్యాలయం నమూనా. పాఠం చెప్పేది కళాశాల, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. ఆ పద్ధతే కొన్ని మార్పులతో నేటికీ నడుస్తున్నది. తిరుపతిలో దేవస్థానంవారు 1945లో శ్రీ వేంకటేశ్వర కళాశాలను స్థాపించినప్పుడు అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినది. మరుసటి సంవత్సరం, 1954లో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతిలో వెలసినది. నాటినుండి ఈ ప్రాంతపు కళాశాలలకు పట్టా ఇచ్చే పెద్ద దిక్కు అదే. నగరిలో చదివినా, తిరుపతిలో అనుబంధ కళాశాలలో చదివినా, బి.ఎస్సీ. పట్టామీద ఉండే ముద్ర ఆ విశ్వవిద్యాలయానిదే.

మరొక సంగతి. బి.ఏ., బి.ఎస్సీ., బి.కాం. చదవడానికి "యూనివర్సిటీకి పోతున్నాను" అని మన పిల్లలు అంటారు. కాని అనుబంధ విశ్వవిద్యాలయపు ప్రాంగణంలో ప్రధానంగా జరిగేది ఆ తరువాతి చదువు, అంటే ఎం.ఏ., ఎం.ఎస్సీ., పరిశోధన. ఇంజనీరింగు వంటివి వేరే మాట. మామూలు డిగ్రీకి తిరుపతి వెళ్ళిన విద్యార్థి కూడ చేరేది ఒక కళాశాలలోనే. అందుచేత మొదటి మూడేండ్ల విషయంలో చాల ఇండ్లలో జరిగే పోటీ కళాశాలకు విశ్వవిద్యాలయానికి మధ్య కాదు. ఒక కళాశాలకు మరొక కళాశాలకు మధ్య. ఈ ఒక్క ముడి విప్పుకుంటే చర్చలో సగం తేలిపోతుంది.

అయితే నా మిత్రుని మాట పూర్తిగా నిజమని దీని అర్థం కాదు. పట్టా ఒకటే కావచ్చును. చదువు ఒకటే కావాలని లేదు. చదువును నిర్ణయించేవి నాలుగు: చెప్పే గురువు, చేతికందే పుస్తకం, పక్కన కూర్చునే తోటివారు, చదువుకొనడానికి దొరికే సమయం. ఈ నాలుగూ ఏ ఊళ్ళో ఎంత ఉన్నవో కరపత్రంలో ఉండదు, వెళ్ళి చూడవలసినదే.

ఎట్లా చూడవలెనో చెబుతాను. పెండ్లి సంబంధానికి వెళ్ళేముందు ఆ ఇంటినిగురించి ఇరుగుపొరుగువారిని విచారిస్తాము. మూడేండ్ల చదువుకు ఆ మాత్రం శ్రద్ధ చూపరాదా? కళాశాల నడిచే రోజున, తండ్రి, బిడ్డ ఇద్దరూ కలిసి వెళ్ళవలెను. బిడ్డ కోరే శాస్త్రానికి అధ్యాపకులు ఎందరున్నారు, వారు స్థిరంగా ఉన్నవారా, ఏడాదికొకరు మారేవారా అని అడగవలెను. ప్రయోగశాల తెరిపించి చూడవలెను. గ్రంథాలయంలో పుస్తకాలు ఇంటికి ఇస్తారా అని విచారించవలెను. అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉన్నది: "ఇక్కడ చదివినవారిలో గత రెండు మూడేండ్లలో ఎం.ఎస్సీ.కి వెళ్ళినవారు ఎవరు? వారితో మాటాడవచ్చునా?" అట్టివారు ఒకరిద్దరు ఉన్నారంటే ఆ కళాశాలనుండి ముందుకు దారి ఉన్నదని అర్థం. ఇవే ప్రశ్నలు పట్టణంలోని కళాశాలలో కూడ అడగవలెను. పెద్ద భవనాన్ని చూచి ప్రశ్నలు మరచిపోరాదు.

ఊరు చిన్నదైనంత మాత్రాన కళాశాల చిన్నది కానక్కరలేదు. దీనికి పూర్వపు చిత్తూరు జిల్లాలోనే నిదర్శనం ఉన్నది. మదనపల్లెలో 1915లో అనీబిసెంటు ఆశ్రయంతో దివ్యజ్ఞాన కళాశాల మొదలైనది. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అక్కడికి వచ్చి కొన్ని రోజులు విడిది చేశారు. ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ అప్పుడు అక్కడ ప్రధానాచార్యులు. "జనగణమన" గీతాన్ని ఠాకూరు ఇంగ్లీషులోకి అనువదించినది ఆ మదనపల్లెలోనే. ఆనాడు అక్కడ చదువుకొంటున్న ఒక పల్లెటూరి విద్యార్థికి లభించిన సాంగత్యం మద్రాసులో ఎందరికి లభించి ఉంటుంది?

ఇక దగ్గరి మెట్టునుండి దూరపు మెట్టుకు ఎక్కినవారి సంగతి. నగరికి దక్షిణంగా అదే రైలు మార్గంలో తిరుత్తణి ఉన్నది. ఈనాడు అది తమిళనాడులోనిది. 1911నుండి 1960వరకు మన చిత్తూరు జిల్లాలోనిది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో జన్మించినది ఆ ఊరనే. వారి తండ్రి రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. సంపన్న కుటుంబం కాదు. రాధాకృష్ణన్ చదువు ఏ మార్గాన సాగినదో చూడండి. తిరుత్తణిలో ప్రారంభం, తరువాత తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాల, ఆపైన వాలాజాపేట, ఆపైన వేలూరులోని వూర్హీస్ కళాశాల. ఇవన్నీ ఇంటికి మరీ దూరం కాని ఊళ్ళు. ఎఫ్.ఏ. అయిన తరువాతనే మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్ళారు. దారిపొడవునా విద్యార్థి వేతనాలు ఆయనకు ఆసరా అయినవి.

మద్రాసులో ఆయన తత్త్వశాస్త్రం ఎందుకు తీసుకున్నారు? అదే కళాశాలలో చదువు ముగించిన బంధువు ఒకరు తన తత్త్వశాస్త్ర పుస్తకాలను ఆయనకు ఇచ్చారు. కొత్త పుస్తకాలు కొనే శక్తి లేదు గనుక, చేతికందిన పుస్తకాలే ఆయన చదువును నిర్ణయించినవి. ఆ విద్యార్థి 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడు, 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడు, 1962లో భారత రాష్ట్రపతి అయినాడు. ఈ కథను మనం సాధారణంగా ప్రతిభకు ఉదాహరణగా చెప్పుకుంటాము. అది నిజమే. కాని ఇంట్లో ఖర్చు లెక్క వేస్తున్న తండ్రికి ఇందులో మరొక పాఠం ఉన్నది. దగ్గరి కళాశాలలో మొదలుపెట్టడం అవమానం కాదు. అక్కడే ఆగిపోయి ఉంటే వేలూరు దాటి ఆ పేరు వినిపించేది కాదేమో! వేలూరు ఆయనకు మెట్టు అయినది, గమ్యం కాలేదు.

నేను కూడ ఒక చిన్న ఊరి కళాశాలలో డిగ్రీ చదివి, ఎం.ఏ.కి తిరుపతి ప్రాంగణానికి వెళ్ళినవాడినే. ఆ దాటడంలో ఏముంటుందో నాకు తెలుసు. మొదటి నెలలో ఒక ఆచార్యులు నన్ను లేపి, డిగ్రీలో ఏయే గ్రంథాలు చదివినావని అడిగారు. నేను చదివినది ఒక గైడు. దాని పేరే చెప్పాను. తరగతి అంతా నవ్వినది. ఆయన మాత్రం నవ్వలేదు. సాయంకాలం నన్ను గ్రంథాలయానికి తీసుకువెళ్ళి, పుస్తకాల జాబితాలో కావలసిన గ్రంథాన్ని ఎట్లా వెదకవలెనో చూపించారు. అప్పటికి నాకు ఇరువై ఏండ్లు. గ్రంథాలయంలో స్వయంగా పుస్తకం వెదుక్కోవడం అదే మొదటిసారి. మార్కులకు సంబంధించినంతవరకు నా చదువులో లోటు లేదు. లోటు ఎక్కడ ఉన్నదో నా పట్టా చెప్పలేదు.

నాతోపాటు ఆ చిన్న ఊళ్ళో చదివిన మరొక మిత్రుని సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం అవుతుంది. మా తరగతిలో మొదటివాడు అతడే, నేను కాదు. పరీక్షకు ముందు నా సందేహాలు తీర్చినది కూడ అతడే. ఎం.ఏ. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పంపవలసిన గడువు నాకు మా మేనమామ చెప్పాడు. అతనికి చెప్పేవారు లేరు. నేను చెప్పి ఉండవలసినది. ఆ వయస్సులో నాకు అది తోచలేదు. గడువు దాటిన వారానికి అతనికి తెలిసినది. "పోనీ, ఒక ఏడాది ఏదైనా కొట్టులో పని చేసి వచ్చే ఏడు వెళ్తాను" అన్నాడు. ఆ ఏడాది ఇరువై ఏండ్లు అయినది. అతడు నేటికీ ఆ కొట్టులోనే లెక్కలు రాస్తున్నాడు. నన్ను చూచినప్పుడల్లా ఆప్యాయంగా పలకరిస్తాడు. ఆ ఆప్యాయత నాకు కొంచెం బరువుగానే ఉంటుంది.

మాలో ఒకడు తిరుపతి చేరడానికి, మరొకడు చేరకపోవడానికి కారణం తెలివిలో తేడా కాదు; డబ్బు కూడ కాదు. ఒక తేదీ. ఊరి కళాశాల మార్గంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. అక్కడ చదువు చెడిపోతుందని కాదు. అక్కడినుండి ముందుకు పోవడం అనే పని ఎవరి బాధ్యతా కాకుండా మిగిలిపోతుంది.

ఇది మన దేశపు చిక్కు మాత్రమే కాదు. అమెరికాలో జోలియెట్ అనే పట్టణంలో 1901లో ఒక జూనియర్ కాలేజీ ప్రారంభమైనది. విద్యార్థులు మొదటి రెండేండ్లు తమ ఊళ్ళో, తక్కువ ఖర్చుతో చదివి, తరువాత రెండేండ్లకు విశ్వవిద్యాలయానికి పోవాలని దాని ఉద్దేశం. ఆ పద్ధతి ఆ దేశమంతటా వ్యాపించినది. సామాన్య కుటుంబాల పిల్లలకు ఎంతో మేలు చేసినది. అయినా, విశ్వవిద్యాలయానికి పోవాలనే ఉద్దేశంతో అక్కడ చేరినవారిలో చాలమంది ఆ రెండవ మెట్టు చేరుకోవడం లేదని అక్కడి విద్యావేత్తలే పలుమార్లు చెప్పారు. చదివిన కొన్ని పాఠాలు రెండవ చోట లెక్కకు రాకపోవడం, ఉద్యోగంలో చిక్కుకొనడం, సమయానికి దారి చెప్పేవారు లేకపోవడం - ఇవి కారణాలు. సముద్రాలు దాటినా కారణాలు మారలేదు!

ఇక డబ్బు సంగతి. ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఒకవైపు ఊరి కళాశాల, మరొకవైపు పట్టణపు కళాశాల. రుసుము ఒక్కటే రాసి ఊరుకోరాదు. అర్హులైన విద్యార్థులకు రుసుమును ప్రభుత్వం భరించే పథకాలు మన రాష్ట్రంలో ఎన్నో ఏండ్లుగా ఉన్నవి. ఏ ఏట ఏ నిబంధనలున్నవో కళాశాలలోనే విచారించవలెను. అసలు భారం రుసుము కాదు. హాస్టలు, భోజనం, పుస్తకాలు, పరీక్షరుసుము, రాకపోకలు, బట్టలు - వీటిది. వీటన్నిటినీ నెలవారీగా రాసి చూడండి. హాస్టలు ఖర్చు తప్పించడానికి రోజూ నగరినుండి తిరుపతికి పోయి రావచ్చునని కొందరంటారు. బస్సులో విద్యార్థులకు పాసు దొరుకుతుంది, డబ్బు మిగులుతుంది. కాని సమయం లెక్క వేయండి. రాకపోకలకు, బస్సుకోసం ఎదురుచూడడానికి కలిపి రోజుకు మూడు గంటలు పోయినవనుకుందాం. ఏటికి 200 రోజులు కళాశాల నడిస్తే 600 గంటలు. మూడేండ్లకు 1,800 గంటలు. ఇది లెక్కలో కనబడని ఖర్చు. ఊరి కళాశాల ఆ గంటలను విద్యార్థికి మిగులుస్తుంది. అది దాని గొప్ప లాభం.

కాని ఆ మిగిలిన గంటలు ఎవరికి చెందుతాయి? ఇంట్లో ఉన్న విద్యార్థిని మనం విద్యార్థిగా చూడము. "ఇంట్లోనే ఉన్నావు గదా" అనే ఒక్క మాటతో ఆ గంటలన్నీ హరించుకుపోతాయి. ఆడపిల్ల అయితే వంట, నీళ్ళు, తమ్ముళ్ళ పని, కండెలు. మగపిల్లవాడైతే కొట్టు, మగ్గం, బ్యాంకు పని. హాస్టలులో ఉన్నవాడు చదువుతున్నాడని నమ్ముతాము. ఇంట్లో ఉన్నది ఖాళీగా ఉన్నదనుకుంటాము. కాబట్టి ఊరి కళాశాలలో చేర్చే తల్లిదండ్రులు ఒక నియమం పెట్టుకోవలెను. సాయంకాలం ఆరునుండి తొమ్మిదివరకు ఆ బిడ్డ తిరుపతిలో ఉన్నదనుకోవలెను. ఆ వేళలో పిలువరాదు, పని చెప్పరాదు. ఈ నియమం పాటించలేని ఇంటికి ఊరి కళాశాల చవక కాదు.

ఇది డిగ్రీ మార్గం మాట. వైద్యం, ఇంజనీరింగు వంటి వృత్తివిద్యలకు ఈ లెక్క యథాతథంగా వర్తించదు. అక్కడ సీటు దొరికిన చోటికి పోక తప్పదు. అయినా అక్కడ కూడ మెట్ల దారి ఒకటి ఉన్నది. పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో మూడేండ్ల డిప్లొమా చదివి, ఈసెట్ పరీక్షద్వారా ఇంజనీరింగులో నేరుగా రెండవ సంవత్సరంలో చేరవచ్చును. నేత కుటుంబాల పిల్లలకు వెంకటగిరిలో చేనేత సాంకేతిక విద్యాసంస్థ కూడ ఉన్నది. ఈ దారులు చాల ఇండ్లలో చర్చకే రావు. "ఇంటర్ తప్ప వేరే లేదు" అనుకునే ఇంట ఈ మాట ఒకసారి అనుకుంటే మంచిది.

ఇప్పుడు నగరిలో నా మిత్రుని ఇంటికి తిరిగి వద్దాం. ఆ అమ్మాయి ప్రశ్నకు నేను ఇట్లా జవాబు చెప్పాను: "పట్టా ఒకటే అనే మాట నిజమే. ఆ నిజం నీకు ఎంత వర్తిస్తుందో నీ తమ్ముడికీ అంతే వర్తిస్తుంది. కొడుకుకు ఒక తూకం, కూతురుకు ఒక తూకం పెడితే అది పొదుపు కాదు. పొదుపు పేరుతో ఒకరి చదువును మరొకరికి ఇవ్వడం." నా మిత్రుడు తల వంచుకొన్నాడు. కోపం వచ్చినదేమో అనుకొన్నాను. కొంతసేపటికి, "సరేనప్పా, అయితే ఏం చేయమంటావు?" అన్నాడు.

ఆ రాత్రి కాగితం తీసుకుని గీత గీచాము. రెండు వరుసలూ రాశాము. ఊరి కళాశాలకు, తిరుపతికి మధ్య నెలకు ఎంత తేడా వస్తుందో తేల్చాము. అప్పుడు నేను అడిగినది ఒక్కటే: "ఈ తేడా మిగిలినదని అన్నావు. ఎక్కడ మిగిలినది? చూపించు." మిగిలిన డబ్బు విడిగా దాచకపోతే మిగిలినట్టు కాదు, నూలు కొట్టులోనో, పెండ్లి చదివింపులలోనో కరిగిపోతుంది. అందుకని ఊరి కళాశాలలో చేరడానికి మూడు షరతులు రాసుకున్నాము. మొదటిది, ఆ తేడాలో తండ్రి ఇవ్వగలిగినంత మొత్తం ప్రతి నెలా అమ్మాయి పేర పోస్టాఫీసులో వేయవలెను, అది ఎం.ఎస్సీ. డబ్బు, మరి దేనికీ తీయరాదు. రెండవది, సాయంకాలపు మూడు గంటలు ఆమెవి. మూడవది, కొడుకు వంతు వచ్చినప్పుడు ఇదే కాగితం తీసి చూడవలెను.

దీనికి అమ్మాయి వైపునుండి కూడ ఒక బాధ్యత ఉన్నది. మొదటి సంవత్సరంనుండే ఎం.ఎస్సీ. ప్రవేశ పరీక్షను దృష్టిలో పెట్టుకోవలెను. పూర్వం ఒక్కొక్క విశ్వవిద్యాలయం తన పరీక్ష తానే నిర్వహించేది. 2021నుండి మన రాష్ట్రంలో పీజీసెట్ అనే ఉమ్మడి పరీక్ష వచ్చినది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు వేరే పరీక్ష ఉన్నది. వీటి తేదీలు ఎవరో చెబుతారని కూర్చోరాదు. 2020-21నుండి మన రాష్ట్రంలో డిగ్రీకి నాలుగవ సంవత్సరపు ఆనర్సు మార్గం కూడ వచ్చినది; తాను చేరే కళాశాలలో అది ఉన్నదా, లేకపోతే ఏం చేయవలెనో మొదటే తెలుసుకోవలెను. ఏటికొకసారి తిరుపతి వెళ్ళి విశ్వవిద్యాలయ ప్రాంగణం చూచి రావలెను. చూడని చోటికి పోవడానికి మనస్సు జంకుతుంది. రెండుసార్లు చూచిన చోటు సగం మన ఊరే అవుతుంది. గైడుతోపాటు ఒక్క అసలు గ్రంథమైనా సంవత్సరానికి పూర్తిగా చదవవలెను. నా అనుభవంమీద చెబుతున్న మాట ఇది.

నా మిత్రుడు చదువు తక్కువవాడు. వివేకం తక్కువవాడు కాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అతడన్న మాటతో ఈ ప్రసంగం సారమంతా చెప్పినట్టయినది. "పడుగు ఎక్కడ పోసినా ఒకటేనప్పా. పోసినంత పొడుగూ నేయాల. సగం నేసి కోస్తే నూలు దండగ."

ఆ అమ్మాయి ఊరి కళాశాలలోనే చేరినది. మొన్న ఫోను చేసి, రంగులను గురించిన ఒక పుస్తకం తిరుపతిలో దొరుకుతుందేమో చూడమని నన్ను అడిగినది. పుస్తకం దొరికినది. పంపడానికి ముందు నేనూ నాలుగు పుటలు తిరగవేశాను. నాకు అర్థం కాలేదు. సంతోషమనిపించినది.

శ్రోతలారా, ఈ వేసవిలో మీ ఇంట ఈ చర్చ జరిగితే, మూల కూర్చున్న ఆ బిడ్డను కూడ పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. కాగితం, కలం ఆ బిడ్డ చేతికే ఇవ్వండి. ఊరి కళాశాలా, పట్నపు కళాశాలా అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. "మూడేండ్ల తరువాత ఎక్కడ ఉండాలనుకుంటున్నావు?" అని అడగండి. దానికి జవాబు దొరికితే, మొదటి మెట్టు ఏ ఊళ్ళో ఉండవలెనో తెలుసుకోవడం అంత కష్టం కాదు. సెలవు.